కరెంటు తయారయ్యేదా, కదిలేదా?

విద్యుత్తు అంటే మెరుపు. ఉర్దూలో బర్క్ అన్నా, బిజిలీ అన్నా మెరుపే. ఆకాశములో చూచినదానికి పెట్టుకొన్న పేరునే మన రెండు భాషలు గోడలోని తీగకు కూడ తెచ్చి తగిలించినవి. పాశ్చాత్యులు మరొక దారిన వచ్చినారు. తృణమణిని రుద్దితే అది గడ్డిపరకలను లాగుకొంటుందని ప్రాచీన గ్రీకులకు తెలుసు. వారు ఆ మణిని ఎలెక్ట్రాన్ అన్నారు. ఆ పేరునుండే విలియం గిల్బర్టు 1600లో ఈ శాస్త్రమునకు మాటను కల్పించినాడు. ఆ మణికి సంస్కృతములో తృణమణి అని, ఫారసీలో కహ్రుబా అని పేర్లు. కాహ్ అంటే గడ్డిపరక, రుబా అంటే లాగుకొనేది. రెండింటి భావము ఒక్కటే. అరబ్బులు నేటికీ విద్యుత్తును కహ్రబా అనే అంటారు. ఒకే బల్ల మీద కూర్చుని చదువుకొనే మన ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొనదగిన సంగతి ఇది.

ఈ పేర్లవలన ఎవరికీ హాని లేదు. హాని చేసే మాటలు వేరే రెండు ఉన్నవి. ఒకటి ఉత్పత్తి, రెండవది ప్రవాహము. ఉర్దూలో పైదావార్, బర్కీ రౌ. కరెంటు ఎక్కడో కేంద్రములో తయారై, తీగలలో ప్రవహించి, మన ఇంటికి చేరి, బల్బులో ఖర్చైపోతుందని చెప్పి చూడండి. పట్టణములోనైనా, పల్లెలోనైనా, డిగ్రీ తరగతిలోనైనా కాదనేవారు అరుదు. ఆ వాక్యములో నిజము బహు స్వల్పము. ఇది కేవలము మాటల పట్టింపే అయితే వార్షిక సంచికలో ఇంత చోటు అడిగి ఉండేవాడిని కాను. ఈ అపోహ మార్కులను మాత్రమే కాదు, మనుషులను కూడ పోగొడుతున్నదని నా అభిప్రాయము. దానిని తొలగించగలిగినది నిర్వచనము కాదు, ప్రయోగశాల. కనుక ఈ వ్యాసము విద్యార్థులకెంతో కళాశాల కార్యవర్గమునకూ అంతే.

ప్రతి సంవత్సరము క్రొత్తగా చేరిన తరగతిని నేనొక ప్రశ్న అడుగుతాను. ఒక బ్యాటరీకి ఒకే రకము బల్బులు రెండింటిని శ్రేణిలో, అనగా ఒకదాని వెనుక ఒకటిగా కలిపితే ఏది ఎక్కువగా వెలుగుతుంది? "మొదటిది" అన్న జవాబే ముందు వస్తుంది. ఎందువలన అంటే, "మొదటి బల్బు కొంత కరెంటు వాడుకొంటుంది సార్, మిగిలినదే రెండవదానికి పోతుంది" అంటారు. ఆ జవాబు చెప్పిన విద్యార్థి ఓమ్ నియమమును తడబడకుండ అప్పగించగలడు! రెండు బల్బులు సమానముగా వెలుగుట బల్ల మీద చూచిన తరువాత కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పుడు ఎవరో ఒకరు "అయితే ఖర్చయ్యేది ఏమిటి సార్?" అంటారు. విద్యుత్తు పాఠము ఆ ప్రశ్నతో మొదలు కావలెనని నేనంటాను. మనము ఆంపియరు నిర్వచనముతో మొదలుపెడుతున్నాము.

ఒక రాగి తీగను తీసుకొందాము. దానిని ఏ బ్యాటరీకి కలపకముందే, అది దుకాణములో చుట్టగా పడి ఉన్నప్పుడే, కరెంటుకు కావలసిన సరుకంతా అందులో ఉన్నది. రాగిలో ప్రతి పరమాణువు ఇంచుమించు ఒక ఎలక్ట్రానును ఉమ్మడి ఆస్తిగా విడిచిపెడుతుంది. ఒక ఘన సెంటీమీటరు రాగిలో ఇట్టివి 85 ప్రక్కన 21 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. అవి నిలకడగా ఉండవు. సెకనుకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో అన్ని దిక్కులకూ తిరుగుతుంటాయి. ఎన్ని ఇటు పోతాయో అన్ని అటు పోతాయి కనుక మొత్తముమీద లెక్క సున్న. బ్యాటరీ వచ్చి చేసే పని ఈ కోలాహలమును ఒక వైపునకు రవ్వంత మొగ్గేటట్లు చేయుట. అంతకుమించి అది క్రొత్తగా తీగలో పోసేది ఏమీ లేదు.

ఆ మొగ్గు ఎంతటిదో లెక్క చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. అడ్డుకోత వైశాల్యము 1 చదరపు మిల్లీమీటరు గల రాగి తీగలో 1 ఆంపియరు కరెంటు ఉన్నదనుకొందాము. ఎలక్ట్రానుల సగటు నడక సెకనుకు 0.07 మిల్లీమీటరు మాత్రమే. ఒక మీటరు దూరము జరుగుటకు పావు తక్కువ నాలుగు గంటలు పడుతుంది. నత్త దీనికంటె ఎన్నో రెట్లు వేగముగా పోతుంది. అయినను తీగలో ఏ చోట నిలబడి లెక్కించినా సెకనుకు 6 ప్రక్కన 18 సున్నాలకు మించిన ఎలక్ట్రానులు దాటుతుంటాయి. నడక మందము, గుంపు అపారము.

మరి స్విచ్చి నొక్కగానే దీపము ఎట్లా వెలుగుతుంది? సైకిలు తొక్కేవారందరికీ దీని జవాబు తెలుసు. పెడలు కదిలిన మరుక్షణమే వెనుక చక్రము తిరుగుతుంది. పెడలు దగ్గరి గొలుసు లంకె వెనుకకు చేరేవరకు చక్రము ఆగి ఉండదు. గొలుసు నిదానముగానే పోవచ్చును, త్రోపు మాత్రము వెంటనే పోతుంది. తీగలో ఆ త్రోపు కాంతి వేగముతో పోల్చదగినంత వేగముగా పోతుంది. నాగార్జునసాగర్ నుండి హైదరాబాదు చేరుటకు దానికి సెకనులో వెయ్యవ వంతు కూడ పట్టదు. గొలుసు ఎక్కడా అరిగి తగ్గిపోదు. ముందు లంకె ఎన్నిసార్లు కదిలితే వెనుక లంకె అన్నిసార్లు కదులుతుంది. రెండు బల్బులు సమానముగా వెలుగుటకు కారణమిదే.

మన ఇండ్లలోని కరెంటు సంగతి మరీ చిత్రము. అది సెకనుకు 50 సార్లు అటునిటు ఊగే ప్రత్యావర్తక ప్రవాహము. ఇందాకటి తీగలోనే ఈ విధముగా ఊగితే ఒక ఎలక్ట్రాను జరిగే దూరము మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడ ఉండదు. సాగర్ యంత్రములోని ఎలక్ట్రాను మన ఇంటికి ఏనాడూ రాలేదు, రాదు. పైగా దారిలో ఎన్నో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. సాధారణముగా వాటిలో లోపలి చుట్టకూ బయటి చుట్టకూ తీగ సంబంధమే ఉండదు. మన ఫ్యానులో ఊగేవి మన ఫ్యాను తీగలోనివే, ఫ్యానుతో పాటు దుకాణములో మనము డబ్బిచ్చి తెచ్చుకొన్నవే. అక్కడినుండి ఇక్కడికి వచ్చేది శక్తి. అది కూడ రాగి లోపలినుండి కాక, తీగల చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రముగుండా వస్తుందని 1884లో పాయింటింగ్ గణితముతో చూపినాడు. నెలనెలా మీటరు చూచి మనము చెల్లించేది ఈ శక్తికే. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ల శక్తి. కృష్ణానది నీరు ఎత్తునుండి పడి కోల్పోయినది అదే, మన బల్బు వేడిగా వెలుగుగా చల్లినది అదే.

కనుక ఉత్పత్తి కేంద్రమును త్రోపు కేంద్రమంటే నిజమునకు దగ్గరగా ఉంటుంది. ఆ త్రోపును పుట్టించే ఉపాయములు కొన్నే. 1800లో వోల్టా జింకు, వెండి బిళ్లల నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టలు పెట్టి దొంతిగా పేర్చినాడు. అక్కడ త్రోసేది రసాయనిక చర్య. 1831లో ఫారడే తీగచుట్టలో అయస్కాంతమును కదిలించి చూపినాడు. రామగుండములో బొగ్గు మండించినా, శ్రీశైలములో నీరు వదిలినా చివరకు జరిగేది ఆ పుస్తకముల బైండింగు పని నేర్చుకొన్న కుర్రవాడు కనిపెట్టినదే. మూడవది సూర్యరశ్మి. మేడల మీద నేడు కనిపించే నల్లని పలకలలో వెలుగు తాకిడికి సిలికానులోని ఎలక్ట్రానులు విడిపడి, రెండు రకముల సిలికాను కలిసిన సరిహద్దు వద్ద ఒక వైపునకు నెట్టబడుతాయి. ఇందులో తిరిగే చక్రము ఒక్కటి కూడ లేదు.

ఇక ప్రాణముల మాట. వానాకాలము వచ్చిందంటే మన జిల్లాల వార్తలలో ఒక విషాదము మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బట్టలారవేయుటకు ఇనుపతీగతో కట్టిన దండెము, తొడుగు ఊడిన ఏ సర్వీసు తీగకో తగిలి ఉంటుంది. తడిబట్ట వేయబోయిన ఇల్లాలు దానిని పట్టుకొంటుంది. ఆమెను విడిపించబోయిన వారు కూడ చిక్కుకొంటారు. ఇందులో విధి చేసినది కొంచెము, ఓమ్ నియమము చేసినది అధికము. పొడి చర్మము నిరోధము వేల, పదివేల ఓములలో ఉంటుంది. తడిస్తే శరీరము మొత్తము నిరోధము వెయ్యి ఓముల దగ్గరకు పడిపోవచ్చును. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు. మనిషి గుండె లయ తప్పుటకు ఆంపియరులో పదవ వంతు కూడ అక్కరలేదు. పరీక్షలో మూడు మార్కుల లెక్క ఇది. అదే ఇంట్లో మూడు మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి ఉండి కూడ, ఆ దండెమునకు ఇనుపతీగ బదులు నైలాను త్రాడు కట్టించలేదంటే, ఆ మార్కులు ఎందులకు?

కరెంటు ఒక తీగలో వచ్చి బల్బులో అయిపోతుందని నమ్మినవాడు రెండవ తీగను నిరపాయమనుకొంటాడు. స్విచ్చిని పొరపాటున ఆ రెండవ తీగలో బిగిస్తే బల్బు ఆరుతుంది, హోల్డరు మాత్రము సజీవముగా ఉంటుంది. స్విచ్చి ఆపినాను కదా అని చేయి పెట్టినవాని గతి చెప్పనక్కరలేదు. ఫ్యూజు విషయము కూడ అటువంటిదే. మాటిమాటికి పోతున్నదని దాని స్థానములో లావు రాగి తీగ చుట్టే అలవాటు మన ఇండ్లలో ఎరుగనిదెవరు? తీగలో పుట్టే వేడి కరెంటు వర్గమునకు అనుపాతములో ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. సన్నని ఫ్యూజు తీగ కరిగి ఆగవలసిన ఆ వేడి, లావు తీగ వేసిన ఇంట్లో గోడలోని తీగల మీద పడుతుంది. ఇక తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాకపోవుట దాని అదృష్టమువలన కాదు. దాని రెండు కాళ్ల నడుమ చెప్పుకోదగిన వోల్టేజి భేదము లేదు, అంతే.

వస్తువులలో కొన్ని విద్యుత్తును మోయుట, కొన్ని మోయకపోవుట ఎట్లా తెలిసినదో ఆ కథ మన విద్యార్థులకు ఎవరూ చెప్పరు. ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనే రంగుల అద్దకపువాడు ఉండేవాడు. అతడు 1729లో రుద్దిన గాజు గొట్టమునుండి జనపనార త్రాడు గుండా విద్యుత్తును వందల అడుగుల దూరము పంపినాడు. ఆ త్రాడును పట్టుదారములతో వ్రేలాడదీసినాడు. పట్టుదారము సన్నగా ఉన్నది కనుక విద్యుత్తు దానిలోనికి జారుకొనలేదని మొదట అతని ఊహ. ఒకనాడు పట్టుదారము బరువాగక తెగినది. బదులుగా అంతే సన్నని ఇత్తడి తీగ కట్టినాడు. విద్యుత్తు అవతలి చివరకు చేరనే లేదు, ఇత్తడి గుండా జారిపోయినది. అయితే సన్నదనము కారణము కాదు, వస్తువే కారణము! వాహకము, బంధకము అన్న భేదము లోకమునకు తెలిసినది ఇట్లా, తెగిన దారమువలన. జీవితమంతా నూలుతోను పట్టుతోను పని చేసినవాని చేతికే ఈ సత్యము చిక్కుట నాకు ఎంతో నచ్చిన విషయము.

రాగికీ గాజుకూ ఈ విషయములో ఉన్న అంతరము అనూహ్యము. గాజు నిరోధకత రాగికంటె 1 ప్రక్కన 18 సున్నాలు పెట్టినన్ని రెట్లు, కొన్ని రకములలో అంతకంటె కూడ అధికము. రాగిలో ఎలక్ట్రాను కదలగోరితే దాని ప్రక్కనే ఖాళీ స్థితులు ఉన్నవి. గాజులో స్థితులన్నీ నిండి ఉన్నవి, పై అంతస్తు చాల ఎత్తున ఉన్నది. పరమాణువులకు ఢీకొనుటవలన నిరోధము కలుగుతుందని 1900లో డ్రూడే ఊహించినాడు. మన పుస్తకములు కొన్ని నేటికీ అదే చెబుతున్నవి. 1928లో బ్లాక్ చూపినది వేరు. పరమాణువులు సంపూర్ణ క్రమములో నిలబడి ఉంటే ఎలక్ట్రాను తరంగము వాటి నడుమనుండి అడ్డు లేకుండ సాగిపోతుంది. అడ్డు తగిలేవి పరమాణువుల వణుకు, మలినములు, క్రమములోని లోపములు. అందుకే రాగిని వేడి చేస్తే నిరోధము పెరుగుతుంది. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసమును 4.2 కెల్విను వరకు చల్లార్చినప్పుడు దాని నిరోధము మాయమైపోయినది. ఆ వింతకు పూర్తి కారణము తెలియుటకు ఇంకా చాలకాలము పట్టినది.

సిలికాను వీటికి భిన్నము. వేడి చేస్తే దాని నిరోధము తగ్గుతుంది. పది లక్షల పరమాణువులలో ఒకటి భాస్వరమును కలిపితే కరెంటును మోసే ఎలక్ట్రానుల సంఖ్య గది ఉష్ణోగ్రత వద్ద ముప్పై లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది. అర్ధవాహకములు పరదేశపు విద్య అనుకొనేవారు ఒక సంగతి తెలుసుకొనవలెను. గెలీనా స్ఫటికముతో రేడియో తరంగములను పట్టే సాధనమునకు 1904లో అమెరికా పేటెంటు పొందినవాడు మన జగదీశ్ చంద్ర బోస్. ట్రాన్సిస్టరు పుట్టినది 1947లో. ఇక ఉప్పునీటిలో మోసేవి ఎలక్ట్రానులు కానే కావు. సోడియము అయానులు ఒక వైపునకు, క్లోరైడు అయానులు ఎదురు వైపునకు పోతుంటాయి. తడిచేతి అపాయము వెనుక ఉన్నది కూడ ఇటువంటి అయానులే.

ఇంతటి శాస్త్రమునకు సూత్రమిచ్చిన గేయోర్గ్ ఓమ్ పెద్ద విశ్వవిద్యాలయములో పనిచేసినవాడు కాడు. తాళములు చేసేవాని కుమారుడు. కొలోన్ నగరములో పాఠశాల ఉపాధ్యాయుడు. 1825, 1826లలో ఆ పాఠశాల ప్రయోగశాలలోనే పని చేసినాడు. ఆనాటి ఘటములు నిలకడ లేక ఇబ్బంది పెట్టగా వాటిని ప్రక్కకు నెట్టి, బిస్మతు, రాగి అతికిన జంటను తీసుకొన్నాడు. ఒక అతుకును మరిగే నీటిలో, రెండవదానిని మంచులో ఉంచితే నిలకడైన త్రోపు దొరికినది. వేరువేరు పొడవుల తీగలు కలుపుతూ, అయస్కాంతపు సూది ఎంత తిరిగినదో కొలుచుకొంటూ పోయినాడు. అంకెలు ముందు, సూత్రము వెనుక. 1827లో గ్రంథము వెలువడినప్పుడు స్వదేశములో ఆదరణ లభించక ఉద్యోగము కూడ వదులుకొన్నాడు. 1841లో లండను రాయల్ సొసైటీ కాప్లే పతకము ఇచ్చినది. మ్యూనిక్‌లో ఆచార్య పదవి 1852లో, మరణము 1854లో.

మన ప్రయోగశాలలలో ఈ క్రమము తలక్రిందులైనది. సూత్రము ముందే తెలుసు కనుక అంకెలను దానికి సరిపడ వ్రాస్తాము. మీటరు బ్రిడ్జి చుట్టూ ఎనిమిదిమంది నిలబడితే ఒకడు జాకీని కదిలిస్తాడు, ఒకడు చెబుతాడు, తక్కిన ఆరుగురు వ్రాసుకొంటారు. రికార్డు పుస్తకము గత సంవత్సరపు సీనియరు వద్దనుండి వస్తుంది. ఇది ఏ ఒక్క కళాశాల దోషమనీ అనను. కాని మన కళాశాల దీనిని సరిదిద్దుకొనలేనంత పేదది కాదు.

కార్యవర్గమునకు నా మనవి ఇది. వారమునకు రెండు మధ్యాహ్నములు, మార్కులతో సంబంధము లేకుండ, భౌతికశాస్త్ర ప్రయోగశాలను ఆర్ట్స్, కామర్సు విద్యార్థులకు సహితము తెరవండి. ఇద్దరికొక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు ఉండేటట్లు చూడండి. తక్కినదంతా బజారు సరుకే: టార్చి ఘటములు, చిన్న బల్బులు, రాగి తీగ, దానికంటె 60 రెట్లకు పైగా నిరోధము గల నైక్రోము తీగ, పెన్సిలు ములుకు, ఉప్పునీరు, పట్టుదారము, నైలాను త్రాడు, ఎండిన వెదురు, అదే వెదురు తడిపినది. ప్రతి వస్తువు ఎంత మోస్తుందో విద్యార్థి స్వయముగా కొలిచి పట్టిక వ్రాయవలెను. ఆ పట్టికను సూత్రముతో సరిచూడవద్దు, ప్రక్కవాని పట్టికతో సరిచూడండి. వానలు ప్రారంభము కాకముందే ఆ విద్యార్థులే దండెము గురించి, ఫ్యూజు గురించి ఒక ప్రక్క ఉర్దూలో, ఒక ప్రక్క తెలుగులో కరపత్రము వ్రాసి తమ తమ వాడలలో పంచితే అచ్చు ఖర్చు స్వల్పమే.

పాఠ్యాంశములు పూర్తి కావని కొందరు సహాధ్యాపకులు అంటారు. రెండు బల్బుల ప్రశ్నకు తప్పు జవాబు వస్తున్నంతకాలము పూర్తయిన పాఠ్యాంశములను లెక్కలోనికి తీసుకొనలేము. పరికరములు చెడిపోతాయని మరికొందరి భయము. చెడిపోతాయి. మొదటి సంవత్సరము కొన్ని అమ్మీటర్ల సూదులు వంగుట ఖాయము, బడ్జెటులో దానికొక పద్దు ఉంచండి. గోడలోని ప్లగ్గు జోలికి మాత్రము ఎవరినీ పోనీయరాదు. నాలుగు టార్చి ఘటములకు మించి ఒక వలయములో కలపనీయరాదు. తాళపుచెవి ఒకటి అధ్యాపకుని వద్ద, మరొకటి ప్రయోగశాల సహాయకుని వద్ద ఉంటే, ఎవరు సెలవు పెట్టినా ఆ రెండు మధ్యాహ్నములు గది తెరచి ఉంటుంది.